మూడు నిమిషాల బొమ్మల సినిమా

మా తమ్ముడి పై పెదవి మీద చిన్న మచ్చ ఉంటుంది. వాడికి రెండేళ్లప్పుడు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకుంటాడేమోనని నానమ్మ పళ్ల మధ్య స్టీలు చెంచా దూర్చింది. చేతిలో తాళాల గుత్తి పెట్టింది. పెదవి చీరింది. మర్నాడు డాక్టరు ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చాడట. అమ్మకు తెలుగే వచ్చు. ఆ కాగితం చాలా ఏళ్లు బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది.

అదంతా మళ్లీ గుర్తొచ్చింది అమెరికాలో, సెయింట్ పాల్‌లో. ఇక్కడ హ్మాంగ్ జనం ఎక్కువ. లావోస్ కొండల వాళ్లు. యుద్ధంలో అమెరికా పక్షాన నిలిచి, 1975 తర్వాత మెకాంగ్ నది దాటి, థాయ్‌లాండ్ శిబిరాల మీదుగా వచ్చారు. నా ఆఫీసు మిత్రుడు వాళ్లలో ఒకడు. పిల్లల జబ్బుల మీద వాళ్ల భాషలో చిన్న యానిమేషన్లు చేస్తున్నాం, సౌండు చూస్తావా అన్నాడు. కరపత్రం వేస్తే పోదా అన్నాను. హ్మాంగ్‌కు ఇప్పుడు వాడే రోమన్ లిపి వచ్చిందే 1950ల్లో. వాళ్ల నానమ్మలాంటి వాళ్లకు సొంత భాషే చదవడం రాదన్నాడు.

మొదటి సినిమా ఫిట్స్ మీదే. మూర్ఛను హ్మాంగ్‌లో ‘కౌ దా పే’ అంటారు, ఆత్మ పట్టుకుంటే కింద పడటమని. యాన్ ఫాడిమన్ 1997లో రాసిన పుస్తకం కాలిఫోర్నియాలో ఈ జబ్బున్న లియా లీ అనే హ్మాంగ్ పాప గురించే. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ పాప మందులు 23 సార్లు మారాయి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు అవన్నీ ఎలా వేయగలరు?

మా సినిమాలో చెప్పేది కొంచెమే. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే 911కు ఫోన్ చేయండి. పూజ చేయించవద్దని ఎక్కడా లేదు. అది నాకు నచ్చింది.

గొంతు మిత్రుడి నానమ్మది. హెచ్చుతగ్గులు ఎక్కువున్నాయని, తెలివిగా, సాఫ్ట్‌వేర్‌తో స్వరం సమం చేశాను. ఆవిడ విని పడీపడీ నవ్వింది. ‘పో’ అన్న ఒక్క మాటే ఒక స్వరంలో బంతి, ఇంకో స్వరంలో ముల్లు, మరో స్వరంలో నానమ్మ! నేను భాషనే ఇస్త్రీ చేసేశాను. రెండు రాత్రులు కూర్చుని అంతా వెనక్కి మార్చాను.

ఆవిడ ఇంకోటి కూడా అడిగింది: “ఈ పిల్లకు ఎవరూ లేరా?” బొమ్మలో పాప మణికట్టుకు దారం లేదు. ఆత్మ ఒంటిని వదిలిపోకుండా పెద్దవాళ్లు కట్టే దారం. వెంటనే తెల్ల దారాలు గీయించాం. మా తమ్ముడి మొలతాడు, దిష్టి చుక్క కళ్ల ముందు తిరిగాయి.

అమ్మకు వాట్సాప్‌లో పంపాను. హ్మాంగ్ ఒక్క ముక్క తెలీదు కదా, అయినా రాత్రి ఫోన్ చేసింది. “పక్కకు తిప్పాల్నా? చెంచా పెట్టద్దా?” కాసేపు ఊరుకుంది. “గప్పుడే ఎవలన్న మీ నానమ్మకు చెప్పుంటే మంచిగుండు గదరా.”

ఇప్పుడు అదే సినిమాకు తెలుగులో అమ్మ గొంతు రికార్డు చేస్తున్నా, ఫోన్లోనే, ఆదివారాలు. అంతా చకచకా చెప్తుంది. ‘నోట్లో ఏమీ పెట్టకండి’ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. మళ్లీ వారం చేద్దాంలే అంది.