మరమగ్గాల నగరంలో నిద్ర

తపతీ తీరాన వెలసిన సూరత్ నగరంలో రాత్రికి నిశ్శబ్దం అరుదు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలు తెల్లవార్లూ మోగుతూనే ఉంటాయి. తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన పద్మశాలీలు ఎందరికో ఆ చప్పుడే జోలపాట. రాత్రి షిఫ్టు ముగించినవారు పగటివేళ నిద్రకు ఒరుగుతారు.

ఆ నిద్రలో గొంతు మూసుకుపోయి, ఊపిరి మాటిమాటికి ఆగిపోతుంటే అది స్లీప్ ఆప్నియా. బిగ్గరైన గురక, లేవగానే తలనొప్పి, పనివేళ కునుకు దాని గుర్తులు. తిరిగే యంత్రం ముందు కునుకు ప్రాణాంతకం కావచ్చు. దీనికి ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ 1981లో ప్రకటించిన చికిత్స సీపాప్. మాస్కుద్వారా ఒత్తిడితో వచ్చే గాలి గొంతు దారిని తెరచి ఉంచుతుంది.

కాని తొలి రాత్రుల ఇబ్బందికే విసిగి, యంత్రాన్ని మూలకు నెట్టేవారున్నారు. అది తగదు. ముక్కు ఎండితే గాలికి తేమనిచ్చే నీటి తొట్టిని అమర్చుకోవాలి. గాలి పక్కలకు పోతుంటే పట్టీ మరీ బిగించరాదు, చర్మం ఒరుసుకుపోతుంది. మాస్కు కొలత మార్చుకోవాలి. నోరు తెరచి నిద్రించేవారికి నోటినీ కప్పే మాస్కు మేలు. ఊపిరాడనట్లు భయం వేస్తే, మెలకువగా ఉన్నప్పుడే కొంతసేపు ధరించి అలవరచుకోవాలి. కడుపు ఉబ్బితే ఒత్తిడిని సవరించవలసినవాడు వైద్యుడే. పగటి నిద్రలోనూ యంత్రం తప్పనిసరి.

పోగు తెగినంతమాత్రాన నేతగాడు మగ్గాన్ని విడిచిపోడు. ముడివేసి మరల నడుపుతాడు. ఊపిరి పోగుకూ ఆ పాటి ఓర్పు అవసరం.