ఓటీపీ ఏ తలుపుకి కాపలా?

2022 సెప్టెంబర్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో ఈడీ సోదాలు చేస్తే 17 కోట్లకు పైగా నగదు దొరికింది. ఈ-నగ్గెట్స్ అనే గేమింగ్ యాప్ కేసు అది. మొదట కమీషన్లిచ్చి నమ్మించి, జనం పెద్ద మొత్తాలు పెట్టాక డబ్బు వెనక్కి తీసుకోనివ్వలేదన్నది ఆరోపణ. అదే నెలాఖరున, ఆ కేసులోనే, క్రిప్టో ఎక్స్ఛేంజ్ బైనాన్స్‌లో ఉన్న 77 బిట్‌కాయిన్లను ఈడీ స్తంభింపజేసింది. నన్ను ఆలోచనలో పడేసింది ఈ రెండో సంగతే. ఎక్స్ఛేంజ్ ఖాతాలోని నాణేల తాళంచెవి ఎక్స్ఛేంజ్ దగ్గరే ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. మనం పెట్టుకునే టూ-ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌కి తోడుగా ఉండే రెండో తనిఖీ కూడా, ఆ ఖాతాలోకి వెళ్లే దారికే కాపలా. తాళంచెవి మన దగ్గరే ఉండే సొంత వాలెట్‌కైతే ఆ తాళంచెవి 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్. అది చేజారితే ఏ ఓటీపీ ఆపలేదు.

అలాగైతే టూ-ఫ్యాక్టర్ దండగే కదా అంటారు. కాదు. లీకైన పాస్‌వర్డ్‌తో ఖాతాలోకి దూరేవాణ్ని ఆపేది అదే. కాకపోతే ఎస్సెమ్మెస్‌ని నమ్ముకోవద్దు, మీ పేరిట నకిలీ సిమ్ తీసినవాడికి ఆ ఓటీపీ నేరుగా వెళ్తుంది. అథెంటికేటర్ యాప్ మెరుగు, కానీ దొంగ సైట్లో ఆ కోడ్ కొడితే అదీ పోయినట్టే. హార్డ్‌వేర్ కీ అన్నిటికన్నా గట్టిది, అది దొంగ సైట్‌కి స్పందించదు. మరి 2024 జులైలో, పలువురి సంతకాలు కావాల్సిన వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచే దాదాపు 23 కోట్ల డాలర్లు పోలేదా? పోయాయి. ఖాతాదారుల ఓటీపీలు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. అందుకే ఎక్కువకాలం దాచుకునేది ఎక్స్ఛేంజ్‌లో ఉంచొద్దంటాను. ఇవాళే ఎస్సెమ్మెస్ ఓటీపీ మార్చి అథెంటికేటర్ పెట్టుకోండి. సీడ్ ఫ్రేజ్‌ని మాత్రం ఫోన్లో ఫొటోగా దాచకండి, కాగితం మీద రాసి భద్రపరచండి.