మూడు చెట్ల దూరం

కాయ కోసే రోజుల్లో ఆగిరిపల్లిలో ఎవరి ఫోనూ ఊరికే ఉండదు. తెల్లారకముందే కూలీల మేస్త్రీకి, ఆ వెంటనే ట్రాలీ ఆటోకి, కాయ ఎక్కించాక నున్న మార్కెట్లో కమీషన్ కొట్టుకి. రసాలైనా బంగినపల్లైనా కోశాక ఆగవు. పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి ఉంటుందన్న నమ్మకం లేదు. బైకు మీద వెళ్తూనే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ‘టన్ను ఎంతంటున్నారు?’ అని అరిచే రైతుని తప్పు పట్టలేను. ఏడాది పంట ఆ ఒక్క మాటలో ఉంటుంది.

భయం మాత్రం వేస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. పాత తోటల్లో చెట్టుకీ చెట్టుకీ ఎడం 10 మీటర్లు. ఎవరు చేశారా అని మూడు సెకన్లు ఫోను వైపు చూస్తే, కళ్లు మూసుకుని మూడు చెట్లు దాటినట్టే. తోటలోంచి ట్రాక్టరు రోడ్డెక్కడానికీ, శోభనాచలస్వామి గుడికి నడిచివెళ్లే ముసలావిడ రోడ్డు దాటబోవడానికీ అంత దూరం చాలు.

ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సరిపోదా అంటాడు మా తమ్ముడు. సరిపోదు. టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులనీ ప్రమాదాల వేళలనీ పక్కపక్కన పెట్టి చూసిన ఒక అధ్యయనం 1997లో వచ్చింది. ఫోను మాట్లాడే వేళ ప్రమాదం జరిగే అవకాశం నాలుగింతలని తేలింది. చేత్తో పట్టుకోనక్కర్లేని ఫోను వాడినా మేలేమీ కనపడలేదు. చేయి ఖాళీ అయినా మనసు కమీషన్ కొట్టులోనే ఉంటుంది కదా. వెనక కూర్చున్న మనిషైతే, గేదె అడ్డొస్తే తనే మాట ఆపేస్తాడు. ఫోనులో అవతలున్నవాళ్లకి గేదె కనపడదు.

ఆ అవతలున్నది చాలాసార్లు నేనే.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, ఫోను చేతపట్టి బండి నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. జరిమానా ఉంది, జైలూ ఉంది, రెండూ నడిపేవాడికే. ఫోను చేసినవాళ్లని ఎవరూ అడగరు.

పోయిన వేసవిలో తమ్ముడు కాయ ఆటో వెనకే నున్న వైపు బైకు మీద వెళ్తుంటే మూడుసార్లు చేశాను. రెండుసార్లు తియ్యలేదు. మూడోసారి తీశాడు. నేను అడిగింది అన్నానికి వస్తావా అని. అప్పుడే లారీ హారన్, ఆ వెంట బ్రేకు కీచుమన్న చప్పుడు. తర్వాత ఏమీ వినపడలేదు. ‘ఆ... వస్తాన్లే అక్కా’ అనేదాకా నా గుండె నా దగ్గర లేదు.

ఇప్పుడు గాలి హోరు వినపడగానే ‘బండి మీదున్నావా? దిగాక చెయ్యి’ అని పెట్టేస్తున్నాను. మొదట్లో కోపమొచ్చిందనుకున్నాడు. ఈ మధ్య మార్కెట్టు దగ్గర బండికి స్టాండు వేశాక తనే చేస్తున్నాడు. వెనక హమాలీల కేకలు వినపడతాయి. అప్పుడడుగుతాను, టన్ను ఎంతన్నారని.