రెండు తీగల ఛందస్సు

వ్యాకరణం, ఛందస్సు తప్ప అన్యమెరుగని నేను ఈమారు కారు తీగలను గురించి వ్రాస్తున్నాను. కారణమున్నది.

మా శ్రీమతికి వారానికి రెండుమార్లు హనుమకొండలో డయాలసిస్. మా పాత కారే ఆధారం. గత మాసంలో ఒక ఉదయం మడికొండలో మా వాకిట్లోనే అది మొండికేసింది. తాళం త్రిప్పితే స్టీరింగు ముందరి దీపాలన్నీ వెలిగాయి గాని ఇంజను కదలలేదు. ఆనాటికి ఆటోలో తీసుకుపోయాను. మరునాడు ఒక పెద్ద షెడ్డువారు వచ్చి, ఇంజను కంప్యూటరు పోయింది, మార్చవలసిందే అన్నారు. వారు చెప్పిన ధర నా రెండు నెలల పింఛను.

చివరకు మెట్టుగుట్ట దారిలో షెడ్డు పెట్టుకున్న నా పూర్వవిద్యార్థిని పిలిపించాను.

"కొలువకుంటనే ఎట్ల చెప్పిండ్రు సార్?" అంటూ మల్టీమీటరు తీశాడు.

పూర్వం కారులో ప్రతి పనికీ వేరువేరు తీగలుండేవి. బాష్ సంస్థ 1983లో ఆరంభించి 1986లో డెట్రాయిట్ సభలో ప్రకటించిన కాన్ పద్ధతిలో, కారులోని కంప్యూటర్లు పెనవేసిన రెండే తీగలపై మాట్లాడుకుంటాయి. రెండూ 2.5 వోల్టుల వద్ద ఉంటే ఒక సంకేతం. ఒకటి 3.5కు ఎక్కి, రెండవది 1.5కు దిగితే మరొకటి. అర్థమంతా ఆ రెంటి నడుమనున్న భేదంలోనే ఉన్నది. బయటి అలజడి రెంటిపైనా సమంగా పడుతుంది కనుక భేదం చెడదు. లఘుగురువులు రెంటితోనే సకల పద్యాలూ నడచినట్లే!

బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగు క్రింది సాకెట్టులో 6, 14 పిన్నుల నడుమ కొలిచాడు. 60 ఓములు. తీగల రెండు కొసలా 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి ఉంటుందట. రెండూ కలిస్తే 60. ఆ రెండు కొసల నడుమ తీగ తెగినా, ఒక నిరోధం పోయినా 120 చూపేది. బ్యాటరీ తగిలించి వోల్టేజీ చూశాడు. ఒకటి రెండున్నరకు కాస్త పైన, మరొకటి కాస్త దిగువన ఉండాలి. రెండూ సున్నా దగ్గరే ఉన్నాయి.

మళ్ళీ బ్యాటరీ విప్పి కారు బాడీకి కొలిచాడు. 14వ పిన్ను నుండి 60, 6వ పిన్ను నుండి సున్నా. అంటే ఆ తీగే బాడీకి తాకుతున్నది. ఇంజను కంప్యూటరు కనెక్టరు ఊడదీసి చూసినా ఆ సున్నా మారలేదు.

"కంప్యూటర్ మంచిగనే ఉన్నది సార్. తప్పు తీగెల ఉన్నది."

అరగంట వెదకగా ఇంజను వెనుక దొరికింది. ఎలుక పైతొడుగు కొరికివేయగా రాగి బయటపడి ఇనుప రేకుకు ఆనుకున్నది. అతుకు వేసి, తొడుగు తొడిగి, పెనను యథాతథంగా ఉంచి, మరల కొలిచి చూపాడు. ఆపై తాళం త్రిప్పాడు. ఇంజను పలికింది.

తొమ్మిదవ తరగతిలో గణవిభజన రాలేదని ఇతనిని నేను వారం దినాలు వరండాలో నిలబెట్టాను. "నీకు చదువు రాదురా" అని నలుగురిలో అన్నాను. అతనికేమి వచ్చునో ఒక్కనాడూ అడుగలేదు. ఆ మాట ఇప్పుడు జ్ఞాపకం చేస్తే, "అవన్నీ ఎందుకు సార్, అమ్మను టైముకు తీసుకపోండ్రి" అని నవ్వాడు.

కొలువకుండా తీర్పు చెప్పింది ఆ పెద్ద షెడ్డువారొక్కరే కాదు. నలుబది యేండ్ల వృత్తిలో నేనెందరికి అలా చెప్పానో!