అర్జీ ఉన్న చోటికి

11 జనవరి 2026, ఆదివారం. మార్లవాయి

పొద్దుగాల కరీంనగర్‌లో బయలుదేరి లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ మీదుగా వచ్చాం. ఇవాళ బెట్టీ హైమన్‌డార్ఫ్ వర్ధంతి. 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెను ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు. 1995లో పోయిన ఆమె భర్త, మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ సమాధి కూడా పక్కనే ఉంది. పూలు పెట్టడానికి వచ్చిన పెద్దవాళ్లు వాళ్లను ఇంటివాళ్లలాగే తలుచుకుంటున్నారు.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీంను చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాయలేదు. ఈ ఊళ్లోనే గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో ఇక్కడే గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. పిల్లలకు తొలి పాఠం గోండిలోనే చెప్పారు. బడికి రమ్మని పిల్లలను పిలిచేముందు బడే పిల్లల భాష నేర్చుకుంది. మా యూనివర్సిటీ సమాన అవకాశాల విభాగానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

17 జనవరి, శనివారం. కరీంనగర్

పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల పోయి నేటికి పదేళ్లు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ రోజు ఆగిపోయిన చదువు గురించి ఇప్పటికీ మనసు నిమ్మళంగా ఉండి మాట్లాడలేను.

యూజీసీ 13న నోటిఫై చేసిన సమతా నిబంధనలు రెండుసార్లు చదివాను. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల కేంద్రం, ఒక కమిటీ, రాత్రీ పగలూ పలికే హెల్ప్‌లైన్ ఉండాలి. ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ కూర్చోవాలి, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలతో పాటు ఓబీసీలనూ చేర్చారు. ఈ మాటలు కాగితం మీదికి ఊరికే రాలేదు. రోహిత్ తల్లి రాధిక, ముంబైలో ప్రాణం తీసుకున్న డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా విద్యాసంస్థల్లో కులవివక్షపై 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. కొడుకును ఒకరు, బిడ్డను ఒకరు పోగొట్టుకుని, మిగతావాళ్ల పిల్లల కోసం కొట్లాడారు.

యూజీసీ లెక్కల్లో కులవివక్ష ఫిర్యాదులు 2019-20లో 173, 2023-24లో 378. పెరిగాయని అందరూ బెంగపడుతున్నారు. ఇంత పెద్ద దేశంలో 378 మందే నోరు విప్పారా అన్నది నా బెంగ.

20 జనవరి, మంగళవారం

మీటింగ్. ఒక పెద్దాయన అన్నారు: "మనకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు కదమ్మా, అంటే అంతా మంచిగనే ఉన్నట్టు." మర్యాదగానే కాదన్నాను. దవాఖాన తలుపు మూసి ఉంచి రోగులే లేరనడం సరికాదు. ఫిర్యాదు ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఆఫీసు పిల్లలు క్లాసులో ఉండే వేళకే తెరిచి ఉంటుంది. ఫిర్యాదుల పెట్టె పదిమంది కళ్లముందు గోడకు వేలాడుతుంది. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ, ఇంట్లో కోలామీ మాట్లాడే పిల్లవాడు, చక్రాల కుర్చీలో వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయేవాడు, వీళ్లలో ఎవరికి ఆ పెట్టె అందుతుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం సర్కారీ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇచ్చింది. తెలంగాణలో ఎస్టీల రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతమైంది. ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చి, అందరికంటే వెనుక పడ్డ కులాలకు 1 శాతం విడిగా పెట్టింది. ఇన్ని పోరాటాలు సీటు దాకా తెచ్చాయి. ఆ సీట్లో తలెత్తుకుని కూర్చునేలా చూడడమే మా పని.

25 జనవరి, ఆదివారం

మాపటికి ఒక కాలేజీ హాస్టల్‌కు పోయాను. ఆదిలాబాద్ అడవి ఊరి అమ్మాయి ఒకతె, అందరూ పోయాక నా దగ్గర నిలబడ్డది. ఆమె పేరు ఈ డైరీలో కూడా రాయను.

"మేడం, నాకు తెలుగు రాక కాదు. నేను మాట్లాడితె నవ్వుతరు. మీ ఊరికి కరెంటొచ్చిందా అని వైవాల అడిగిన్రు, అందరు నవ్విన్రు."

"మరి చెప్పలేదేం బిడ్డా?"

"ఎవలకు చెప్పాలె? ఏం రాయాలె?"

కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి వచ్చిందట. దర్బార్‌లో వాళ్ల తాత ఊరి బాట సంగతి గోండిలో చెబితే పక్కన ఒకాయన తెలుగులో చెప్పాడట. "మా తాతను ఎవ్వలు నవ్వలె మేడం," అంది.

ఆ దర్బార్ కూడా 1940లలో హైమన్‌డార్ఫ్ సలహాతోనే మొదలైంది. మెస్రం వంశస్తుల పూజకు గోండులంతా ఒక్కచోట కూడతారు కాబట్టి అధికారులే అక్కడికి పోవాలన్నది ఆలోచన. అర్జీ ఉన్న చోటికి ఆఫీసు నడిచింది. ఎనభై ఏళ్ల కింద అడవిలో సాధ్యమైంది ఇవాళ హాస్టల్ వరండాలో ఎందుకు కాదు?

30 జనవరి, శుక్రవారం

మేడారం జాతరకు పోయినవాళ్లతో హాస్టళ్లు సగం ఖాళీ. నిన్న సుప్రీంకోర్టు కొత్త నిబంధనలపై స్టే ఇచ్చింది. మాటలు స్పష్టంగా లేవని, దుర్వినియోగం కావచ్చని అన్నది. స్టే ఉన్నన్నాళ్లు 2012 నిబంధనలే నడుస్తాయి. పొద్దున్నుంచి ఫోన్లు: "ఇక మీ విభాగం పని అయిపోయినట్టేనా?" కాలేదు. 2012 నిబంధనల్లోనూ వివక్ష నిరోధక అధికారి ఉన్నాడు, ఫిర్యాదు తేల్చడానికి 60 రోజుల గడువు ఉంది.

రిజిస్ట్రార్‌కు ఇవ్వాల్సిన నోట్ రాశాను. ఆదివారం సాయంత్రాలు హాస్టళ్లలోనే వింటాం. నోటిమాటగా చెప్పినా ఫిర్యాదుగా తీసుకుంటాం. గోండి, కోలామీ, లంబాడీ, ఉర్దూలలో చెప్పేవాళ్ల భాష తెలిసిన సీనియర్ ఒకరు, వాళ్లు ఒప్పుకుంటేనే, పక్కన కూర్చుంటారు. రాసుకున్నది చదివి వినిపించాకే సంతకం. వైవాలో బయటి నుంచి ఒకరు ఉండాలి. మీటింగులు మెట్లు లేని గదిలోనే.

ఆ అమ్మాయి తన మాటను ఫిర్యాదుగా రాయడానికి ఒప్పుకుంది. 60 రోజులు ఇవాళ్టి నుంచి లెక్క. అంతకంటే ముందే తేల్చాలి.