ఓవర్సీయరుగారి కారు

కలకత్తా సమీపమునందలి ఉత్తరపాడ కర్మాగారములో 1958 మొదలుకొని 2014 వరకు అంబాసిడరు కారులు తయారయ్యెను. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దానికి మాతృక. అది గుండ్రని ఆకారము గలది, బరువైనది, మన పల్లెబాటల గుంటలకు జంకనిది. ముందరి మూత ఎత్తినచో లోపలి భాగములన్నియు విడివిడిగా కంటికి కనిపించెడివి. చేయి పట్టుటకు చోటుండెడిది. అందుచేత ఆ కారు గలవారిలో అనేకులకు కొన్నాళ్లు గడచునప్పటికి తామే మరమ్మతు చేసికొనగలమను ధైర్యము పుట్టెడిది. ఆ ధైర్యమును తప్పుపట్టుటకు వీలులేదు. ఎంతోమంది డబ్బు దానివలన మిగిలినది.

కృష్ణాజిల్లా అవనిగడ్డలో నీటిపారుదల శాఖనుండి విశ్రాంతి గైకొన్న ఓవర్సీయరు ఒకరు అట్టి కారును పదేండ్లుగా వాడుచుండిరి. పులిగడ్డ అక్విడక్టు మొదలుకొని చివరి పిల్లకాలువ తూము వరకు నీటిలెక్కలు చూచిన మనిషి. ఆయనకు లెక్క తప్పుట గిట్టదు. తప్పినదని యెవరైన చెప్పుట అంతకంటె గిట్టదు. కారులో పోసిన నూనె, మార్చిన టైరు, చక్రములకు గాలి పట్టించిన దినము కూడ ఒక నల్ల అట్టపుస్తకములో వ్రాసికొనెడివారు.

1984 వేసవిలో ఆయన కుమార్తె మద్రాసునుండి బెజవాడకు రైలులో రానుండెను. ఆమె పన్నెండేండ్ల కుమారుడు సెలవులు మొదలైన నాటినుండి తాతగారి ఇంటనే యుండెను. తెల్లవారుజామున తాతయ్యతో కారులో స్టేషనుకు పోయి అమ్మను తోడ్కొని వత్తునని వాడు వారము దినములుగా వీధిలో అందరికిని చెప్పుకొనుచుండెను. ప్రయాణమునకు ముందునాడు ఓవర్సీయరుగారు, దూరము పోవలసియున్నది గదా యని, పాత ప్లగ్గులను, ప్లాటినము పాయింట్లను, డిస్ట్రిబ్యూటరు మూతను తీసి క్రొత్తవి వేయుటకు పూనుకొనిరి. మనుమడు సహాయకుడు.

ఇచ్చట ఆ యంత్రము సంగతి కొంత చెప్పవలసియున్నది. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును కాయిలు అనునది వేల వోల్టులకు పెంచి డిస్ట్రిబ్యూటరు మూత నడుమకు పంపును. మూత క్రింద రోటరు అను చిన్న చేయి గిరగిర తిరుగుచు, చుట్టునున్న నాలుగు కొనలకు ఆ విద్యుత్తును వంతులవారీగా పంచిపెట్టును. ఒక్కొక్క కొననుండి ఒక్కొక్క తీగ ఒక్కొక్క సిలిండరుపైనున్న ప్లగ్గునకు పోవును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 100 నిప్పురవ్వలు పుట్టవలెను. ప్రతి రవ్వయు తన వంతున, తన చోట పుట్టవలెను. ఆ వంతులు 1, 2, 3, 4 అను వరుసలో ఉండవు. 1, 3, 4, 2 అను వరుసలో ఉండును.

ఓవర్సీయరుగారికి ఈ వరుస కంఠస్థము. ఆ ధీమాతోనే నాలుగు తీగలను ఒక్కసారిగా పీకివేసిరి. ఒకటి తీసి, దానిని క్రొత్త మూతకు తగిలించి, పిమ్మట రెండవది తీసియున్నచో ఈ కథయే లేదు.

పాయింట్ల ఎడము 0.4 మిల్లీమీటరునకు కొంచెము తక్కువగా ఉండవలెను. దానిని సరిచూచుటకై ఆయన కారు ముందు నిలిచి హాండిలుతో ఇంజనును మెల్లగా త్రిప్పుచుండిరి. పాయింట్లు పూర్తిగా విచ్చుకొనగానే చెప్పవలసినదని మనుమని మూత లేని డిస్ట్రిబ్యూటరు వద్ద నిలిపిరి. హాండిలు కుడికి తిరుగును గనుక లోపలి రోటరును కుడికే తిరుగునని ఆయన ఊహ. ఆ ఊహతో 1, 3, 4, 2 అని లెక్కించుచు తీగలను కుడిచుట్టుగా తగిలించిరి.

"తాతయ్యా! లోపలి చేయి ఎడమకు తిరిగినది. మీరు తీగలను కుడికి పెట్టుచున్నారు" అనెను బాలుడు.

"పని జరుగునప్పుడు మాటలాడరాదు" అనిరి తాతగారు.

తాళము త్రిప్పగా ఇంజను మేల్కొనెను గాని, కారంతయు చలిజ్వరము వచ్చినట్లు వణకెను. కార్బురేటరులోనుండి 'ఫట్' మని ధ్వని. వెనుక సైలెన్సరులో తుపాకి ప్రేలినట్లు మరియొక ధ్వని. చప్పుడు కార్బురేటరునుండి వచ్చుచున్నది గనుక దోషమును అందే ఉన్నదని తలచి ఆయన దానిని విప్పి, కడిగి, మరల బిగించిరి. పెట్రోలు పాలు తగ్గించు మరను ఇటునటు త్రిప్పిరి. వణకు తగ్గలేదు. రాత్రి ఎనిమిది గంటలకు, నిప్పు పుట్టు సమయము తప్పినదేమో యని, డిస్ట్రిబ్యూటరు మెడపట్టు వదలించి దానినే కొంత త్రిప్పిరి. అంతటితో ఇంజను మాటయే మానివేసెను. ఉదయము ఒక్క తప్పుండెను, రాత్రికి మూడయ్యెను.

అప్పుడు ఆయనకు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చెను. మధ్యాహ్నము క్రొత్త ప్లగ్గొకటి మనుమని చేతినుండి జారి అరుగుమీద పడినది. ఇంక సందేహ మేమున్నది? పింగాణి పగిలియుండును! ఆయన ఆ రాత్రియే నల్ల అట్టపుస్తకములో, "మనుమడు ప్లగ్గును పడవేసి పాడుచేసెను, కారు నిలిచిపోయెను" అని తేదీతో సహా వ్రాసిరి. మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సులో ఒంటరిగా బెజవాడ పోయిరి. చొక్కా తొడుగుకొని సిద్ధముగానున్న బాలుని, "నీవు ఇంటివద్ద నుండుము" అని వెనుకకు పంపిరి.

రైలు దిగిన కుమార్తె మొట్టమొదట అడిగినది, "బాబేడీ నాన్నా?" అని. ఆయన సామాను లెక్కపెట్టుచు నిలిచిరి.

సాయంకాలము మేస్త్రీ వచ్చెను. ఏండ్ల తరబడి బస్సుల షెడ్డులో పనిచేసిన వృద్ధుడు. ఆయన సంచి విప్పలేదు.

"మొన్నటివరకు నడిచినదా, ఓవర్సీయరుగారూ?"

"గడియారమువలె నడిచినది."

"ఐనచో మీరు నిన్న తాకనిదానిని నేనును తాకను. ఏమేమి తాకితిరో వరుసగా చెప్పుడు."

చెప్పుట అనుకొన్నంత సులభము కాలేదు. కార్బురేటరు మరను ఎన్ని చుట్లు త్రిప్పినదియు ఆయనకు జ్ఞాపకము లేదు. టైర్ల గాలిని వ్రాసిపెట్టు పుస్తకములో అది లేదు. మేస్త్రీ బాలుడు పడవేసిన ప్లగ్గును తీయించి, పింగాణిని బట్టతో తుడిచి, వెలుతురున త్రిప్పి చూచి, ఎడమును కొలిచి, "దీనికేమియు కాలేదు" అని మరల పెట్టెను. పిమ్మట మూత తీసి, తాను హాండిలు పట్టుకొని, "బాబూ, లోపలిది ఎటు తిరుగుచున్నదో చూచి చెప్పుము" అనెను.

బాలుడు నోరు తెరువలేదు. తాతగారివైపు ఒకసారి చూచి, గాలిలో వ్రేలితో ఎడమచుట్టుగా సున్న చుట్టెను. ఓవర్సీయరుగారు వంగి, రోటరును తామే చూచిరి.

వరుసను ఎదురుదిశలో అమర్చినప్పుడు 1, 4 తీగలు తమ చోటనే ఉండును. 2, 3 మాత్రము మారిపోవును. ఆ రెండు సిలిండర్ల పిస్టనులు జంటగా పైకి వచ్చును. మూడవది పెట్రోలు గాలిని నొక్కిపట్టి నిప్పుకై ఎదురుచూచు క్షణముననే రెండవది పొగను వెడలగొట్టి, క్రొత్త గాలికై కవాటమును తెరచుచుండును. నిప్పు అక్కడ పుట్టినచో మంట తెరచిన దారిని కార్బురేటరులోనికి ఎదురుతన్నును. మూడవదానిలో మండని పెట్రోలు సైలెన్సరులోనికి పోయి అచ్చట ప్రేలును. ప్రేలిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు మరియొకటి.

డిస్ట్రిబ్యూటరు మెడమీద ఏండ్లనాటి జిడ్డుగీత చెదరక నిలిచియుండెను. మేస్త్రీ దానిని ఆ గీతకు సరిగా త్రిప్పి బిగించెను. ఆ రెండు తీగలను మార్చుటకు చేయి చాచుచుండగా ఓవర్సీయరుగారు, "ఆగుము మేస్త్రీ" అని మనుమనివైపు తిరిగి, "నీవు పెట్టుము" అనిరి. బాలుడు తల్లివంక చూచెను. తరువాత ముందునకు వచ్చి రెండవ తీగను, మూడవ తీగను మార్చెను. ఇంజను రెండవ త్రిప్పునకే అందుకొనెను. కార్బురేటరు మర మాత్రము నాలుగు దినములు ఇబ్బంది పెట్టెను.

ఆ రాత్రి ఓవర్సీయరుగారు దీపము దగ్గర కూర్చుండి నల్ల అట్టపుస్తకములో ముందునాటి పంక్తిని కొట్టివేసిరి. దాని క్రింద, "రోటరు ఎడమకు తిరుగును. బాబు ముందే చెప్పెను, నేను వినలేదు" అని వ్రాసి, పుస్తకమును మనుమని చేతికిచ్చి, తేదీ వేయుమనిరి.