రెండించులంటే ఎంత?

బోరు లోతును అడుగుల్లోను, పైపును ఇంచుల్లోను, వానను మిల్లీమీటర్లలోను చెప్పుకోవడం మా అనంతపురం వాళ్ళకు అలవాటు. ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇరవైరెండు అంగుళాలకు కాస్త తక్కువే. కురిసే నీటికొక భాష, తోడే నీటికొక భాష!

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లని 1959లో స్థిరపడింది. కనుక రెండించులంటే 50.8 అని బడిపిల్లవాడైనా చెబుతాడు. బోరు మోటార్ల మరమ్మతు దుకాణంలో మాత్రం ఆ లెక్క చెల్లదు. రెండించుల ఇనుప పైపు బయటి కొలత 60 మిల్లీమీటర్ల పైచిలుకు, లోపలిది 53 దరిదాపు. ఆ 50.8 పైపులో ఎక్కడా కనబడదు!

ఒకసారి అక్కడ కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు లెక్క కట్టి 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తీశాడు.

"అది ఒకటిన్నరబ్బా! రెండించులకు అరవైమూడు తీస్కో" అన్నాడు మేస్త్రీ.

"ఎట్లన్నా? గుణిస్తే రాదు గదా?"

"గుణిస్తే యాడొస్తాది? అది పేరు."

వడ్రంగానికి ఈ బాధ తక్కువ. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. నూలు తేడా వస్తే చీలిక కొట్టి సర్దుతారు. వందల అడుగుల లోతునుంచి మోటారు లాగిన నీరు అతుకు దగ్గర కారిపోతే చెట్టుకు చేరేదెంత? చీనీ తోట ఎండేది అక్కడే.

ఆ కుర్రవాడు సుద్దముక్కతో గోడమీద వ్రాసుకున్నాడు: 63 రెండు, 75 రెండున్నర, 90 మూడు.